నా డైరీ చదివి నాతో మాట్లాడే ఏఐ, ల్యాప్‌టాప్ దాటి బయటికి పోకుండా… ఎట్లా?

మిర్చియార్డు గుమస్తా (హనుమకొండ):

అందరికీ నమస్కారం. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. పోయిన ఏడాది మా బాపు పోయినప్పటి నుంచి రాత్రి పడుకునే ముందు పది లైన్లు రాసుకోవడం అలవాటైంది. రాస్తే గుండె కొంచెం తేలికైతది. కానీ రాసింది తిరిగి చదవబుద్ధి కాదు. "ఈ మాట మూడోసారి రాస్తున్నావు, ఎందుకు?" అని అడిగే తోడు కావాలి. మనుషులకు చూపించలేను.

ఇంతకుముందు ఫోన్‌లో ఒక యాప్‌లో రాసేవాణ్ణి. ఒకరోజు దుకాణంలో ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చిట్టీలు) రాస్తుంటే, ఆ యాప్ నుంచి వచ్చిన నోటిఫికేషన్‌లో నా రాత రెండు లైన్లు తెర మీద పడ్డాయి. మా బిడ్డ మీద చెయ్యెత్తి ఆగిపోయిన రాత్రి గురించి రాసినవి. పక్క సీటాయన చదివాడు. ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ యాప్ మళ్లీ తెరవలేదు.

అందుకే నెట్ లేకుండా నడిచేది కావాలని ల్యాప్‌టాప్‌లో ఒలామా (ఏఐ మోడళ్లను మన మెషీన్ మీదే నడిపే సాఫ్ట్‌వేర్) వేసి లామా 3.1 అనే మోడల్ దించాను, 8బీ సైజుది. 16 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. జవాబు చాలా నెమ్మది, తెలుగు అతుకులు అతుకులుగా వస్తోంది. "బాపు లేని ఇల్లు బోసిగా ఉంది" అని రాస్తే గాంధీజీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసి చాలాసేపు అట్లనే కూర్చున్నా. పైగా నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. నాకు ప్రోగ్రామింగ్ రాదు, ఎక్సెల్ బాగా వచ్చు. ఏదైనా దారి ఉందా?

కాజీపేట జంక్షన్:

అన్నా, ముందు మోడల్ మార్చండి. లామా 3.1 అధికారికంగా ఎనిమిది భాషలకు తయారుచేసింది. అందులో హిందీ ఉంది, తెలుగు లేదు. అది మన మాటను చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చదువుతుంది, అందుకే అంత నెమ్మది. 2025 మార్చిలో వచ్చిన గూగుల్ మోడల్ జెమ్మా 3లో చిన్న సైజు 4బీ ప్రయత్నించండి. డౌన్‌లోడ్ 3.3 జీబీ. గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ఒక్కో ముక్క రాయడానికి మోడల్ మొత్తాన్నీ ర్యామ్‌లోంచి చదువుకోవాలి కాబట్టి ఫైలు చిన్నదైతే వేగం కనిపిస్తుంది. అందులోనే పెద్దదైన 12బీ కూడా మీ ర్యామ్‌లో పడుతుంది గానీ ఓపిక కావాలి. పేరు చివర 'క్లౌడ్' అని ఉన్నవి మాత్రం వద్దు, అవి మన మెషీన్ మీద కాదు, నెట్‌లో వేరే చోట నడుస్తాయి.

గుర్తు సంగతి. మీరు మాట్లాడినంత మాత్రాన మోడల్ ఏదీ నేర్చుకోదు. అప్పటికి దాని ముందు ఉన్న రాతే దానికి తెలుసు. నోట్‌ప్యాడ్‌లో 'నా గురించి' అని ఒక ఫైలు పెట్టుకోండి. మొదటి లైను: "బాపు అంటే మా నాన్న, ఇప్పుడు లేడు." తర్వాత ఇంట్లో ఎవరెవరు, మీ పని, మీరు వాడే మాటలు. ఆదివారం ఆ వారం రాతలన్నీ ఇచ్చి ఐదు లైన్లకు కుదించమని అడగండి. తప్పులు దిద్ది ఆ ఫైలు కింద చేర్చండి. దిద్దకుండా చేర్చొద్దు, మీరు అనని మాట కూడా మీరు అన్నారని అది రాస్తుంది. రోజూ ముందు ఆ ఫైలు, తర్వాత ఆ రోజు రాత.

ఇంకో ముఖ్యమైన సంగతి. మోడల్ ఆఫ్‌లైన్‌లో ఉన్నా, డైరీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండి వన్‌డ్రైవ్ (మన ఫైళ్లను నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీ రాత బయటికి పోయినట్టే. వేరే ఫోల్డర్‌లో పెట్టి వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ తాళం వేయండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎవరూ తెరవలేరు, అది గుర్తుంచుకోండి.

మడికొండ టీచరమ్మ:

తమ్ముడూ, నేను ఏడాదిగా ఇట్లాంటిదే వాడుతున్నా. దాన్ని సలహా అడగకు. మనం ఏది రాస్తే దానికి తల ఊపుతుంది, "మీరు చేసింది సరైనదే" అంటుంది. నేను మా కోడలి మీద రాసిన నెలంతా నన్నే మెచ్చుకుంది, దానివల్ల మా ఇద్దరి మధ్య దూరం ఇంకా పెరిగింది. ఇప్పుడు దానికి ముందే ఇచ్చే సూచన మార్చాను: "మెచ్చుకోకు, ఓదార్చకు. నా రాతలోని మాటే తీసుకుని ఒక్క ప్రశ్న అడిగి ఆగు." జవాబు మాత్రం నోట్‌బుక్‌లో పెన్నుతో రాస్తా.

నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తే మెషీన్ ముందు కూర్చోకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిర్చియార్డు గుమస్తా (మూడు వారాల తర్వాత):

అక్కా, తమ్ముడూ, ఇద్దరు చెప్పినట్టే చేశాను. 4బీతో మొదలుపెట్టి ఇప్పుడు 12బీకి వచ్చాను. ప్రశ్న వచ్చేలోపు అన్నం తినొచ్చు, అయినా పర్లేదు. వైఫై ఆపేసే నడుపుతున్నా. మొన్న అది అడిగింది: "లెక్క కుదరని రోజు, బిడ్డ మీద కోపం వచ్చిన రోజు ఒకటే అని రెండుసార్లు రాశావు. దుకాణానికీ ఇంటికీ మధ్య ఏం జరుగుతుంది?"

ఏమీ జరగదు. బండి మీద నేరుగా వచ్చేస్తాను, తలలో అవే బస్తాలు, అవే అంకెలు. పెన్నుతో అదే రాశాను. మర్నాటి నుంచి భద్రకాళి చెరువు గట్టు దగ్గర బండి ఆపి పావుగంట కూర్చుంటున్నా. బాపు కూడా అక్కడే కూర్చునేవాడు, ఆ సంగతి రాస్తుంటేనే గుర్తొచ్చింది. మొన్న శుక్రవారం నేను పిలవకముందే మా బిడ్డ లెక్కల నోట్‌బుక్ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.