సెమీ క్రిస్మస్ రోజున బడి చేరికల టేబుల్: మిస్సిసాగా (కెనడా) వాలంటీర్లకు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. భోజనాలు, పాటలు, పిల్లల నాటిక ఎప్పటిలాగే ఉంటాయి. ఈసారి హాలు గుమ్మం దగ్గర ఇంకో టేబుల్ కూడా వేద్దాం. క్యాథలిక్ బళ్ళో పిల్లల్ని ఎలా చేర్పించాలో కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పడానికి. "ఫీజు ఎంత అక్కా, డొనేషన్ ఉంటుందా?" అని నాకు ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. మన ఊళ్ళో కాన్వెంటు అంటే ఫీజే కదా. ఇక్కడ ఒంటారియో ప్రావిన్సులో క్యాథలిక్ స్కూల్ బోర్డు బడులు ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తాయి, ట్యూషన్ ఫీజు లేదు. ఈ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఎవరు రాస్తారు?

చార్టుల పని:
నేను రాస్తానక్కా. ఎందుకు ఉచితమో కూడా రెండు ముక్కలు పెట్టనా? ఆఫీసులో ఒకతను అడిగితే చెప్పలేకపోయాను.

సమన్వయకర్త:
పెట్టు తమ్ముడూ. 1867లో కెనడా ఏర్పడినప్పుడే రాజ్యాంగంలోని 93వ సెక్షన్ ఈ బడుల హక్కును కాపాడింది. అయినా 11 నుంచి అప్పట్లో ఉన్న 13వ తరగతి దాకా తల్లిదండ్రులే ఫీజు కట్టేవారు. 1984లో ప్రీమియర్ (ప్రావిన్సు ప్రభుత్వాధినేత) బిల్ డేవిస్ వాటికీ పూర్తిగా డబ్బిస్తామని ప్రకటించారు. 1987లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని చెప్పింది. ఒక్క మతానికే ఇవ్వడం వివక్ష అని 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తప్పుపట్టింది. అది కూడా రాయి. ఎవరైనా నిలదీస్తే మన దగ్గర నిజాయితీగా జవాబు ఉండాలి.

ఇల్లు కొన్నవాళ్ళకు స్కూల్ సపోర్ట్ ఫారం (ఇంటిపన్ను లెక్కలో ఏ స్కూల్ బోర్డుకు మద్దతో చెప్పేది) గురించి కూడా చెప్పాలి. క్యాథలిక్ బోర్డు అని రాస్తే పన్ను పెరుగుతుందని కొందరు భయపడుతున్నారు. పెరగదు. 1998 నుంచి బోర్డులకు డబ్బు ప్రధానంగా విద్యార్థుల సంఖ్యను బట్టి ప్రావిన్సే ఇస్తోంది. సిటిజన్లయితే ట్రస్టీ (బోర్డు సభ్యుల) ఎన్నికల్లో ఏ బోర్డుకు ఓటు వేస్తారో కూడా ఆ ఫారంతోనే తేలుతుంది.

వంటల టీమ్:
అక్కా, మాది సీఎస్ఐ, ప్రొటెస్టెంట్ చర్చి. బాబు వచ్చే ఏడు జూనియర్ కిండర్‌గార్టెన్‌కి (నాలుగేళ్ళ పిల్లల తరగతి) వస్తాడు. బాప్తిస్మం సర్టిఫికెట్ ఉంది, సరిపోతుందా?

సమన్వయకర్త:
ప్రాథమిక తరగతులకు మామూలుగా ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్, జ్ఞానస్నాన (బాప్తిస్మం) పత్రమే అడుగుతారమ్మా. పిల్లవాడిదైనా సరే, అమ్మానాన్నల్లో ఒకరిదైనా సరే. మీ ఆయన వైపు బంధువులెవరో ఆర్‌సీఎం అయితే చాలదు, మీ ఇద్దరిలో ఒకరై ఉండాలి. నియమాలు బోర్డును బట్టి మారుతుంటాయి, ఒకసారి ఫోన్ చేసి అడుగు. హైస్కూలుకు మాత్రం ఏ మతం వాళ్ళనైనా చేర్చుకుంటారు. సీఎస్ఐ, బాప్టిస్టు, లూథరన్, హిందూ, ముస్లిం ఎవరు వచ్చినా ఈ టేబుల్ దగ్గర ఒకే మర్యాద దక్కాలి. మన సంఘంలో ఎవరూ చిన్నబుచ్చుకుని వెళ్ళకూడదు.

పత్రాల టేబుల్:
నా అనుభవం చెప్తాను. మా అమ్మాయి జ్ఞానస్నాన పత్రం గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళోనే ఉండిపోయింది. అక్కడి చర్చి ఫాదర్‌ (విచారణ గురువు) గారికి ఫోన్ చేస్తే ఆయన సహాయకుడు ఉపదేశిగారు రిజిస్టరు తీసి ఫోటో పంపారు. పేజీ అంచు చెదలు తినేసింది. నీలం సిరా, పేరు దగ్గర "మరియ" అని ఉంది. పాస్‌పోర్టులో పిల్లకి వేరే పేరు, ముందు ఇంటిపేరు. బడివాళ్ళు ఫోటో చెల్లదన్నారు. ముద్ర వేసిన పత్రం, రెండు పేర్లూ ఒకరివేనని ఫాదర్‌గారు రాసిన ఉత్తరం పోస్టులో వచ్చేసరికి మాకు దగ్గర్లోని బళ్ళో సీట్లు అయిపోయాయి. ఆ ఏడాదంతా రెండు బస్సులు మారి దించి వచ్చాను. ఇంకెవరికీ ఆ టెన్షన్ వద్దు. అందుకే ఆ టేబుల్ నాకివ్వండి. ఫాదర్‌గారికి ఉత్తరం ఎలా రాయాలో నమూనా తయారుచేసి ఇరవై కాపీలు తెస్తాను.

సమన్వయకర్త:
టేబుల్ నీదే చెల్లీ. పుట్టిన తేదీ రుజువు, టీకాల కార్డు, అడ్రస్ రుజువు, పీఆర్ (శాశ్వత నివాసం) లేదా వర్క్ పర్మిట్ కాగితాలు కూడా నమూనా వెనక రాయి. జూనియర్ కిండర్‌గార్టెన్ చేరికలు చాలాచోట్ల జనవరికి అటూ ఇటూగా మొదలవుతాయి, కాబట్టి ఇంటికి వెళ్ళగానే ఊరికి ఫోన్ చేయమని చెప్పాలి. ఇండియా పోస్టు వారాలు పడుతుంది. టేబుల్‌కి ఇంకో ఇద్దరు కావాలి, ఒకరికి ఇంగ్లీషు ఫారాలు నింపడం వచ్చి ఉండాలి. శుక్రవారం లోపు ఇక్కడే పేరు చెప్పండి.

హాల్ ఏర్పాట్లు:
గుమ్మం పక్కన చలిగాలి కొడుతుందండి, చంటిపిల్లలతో నిలబడలేరు. లోపల కేకు టేబుల్ పక్కన వేస్తాను. నాలుగు కుర్చీలు చాలా?

పత్రాల టేబుల్:
ఆరు వేయండి అన్నా. అమ్మమ్మలు కూడా వస్తారు.