వెర్వెట్ కోతుల అరుపుకు అర్థం ఉందనొచ్చా?

ప్రశ్న: ఆఫ్రికాలో ఉండే ఈ కోతులు చిరుతకో అరుపు, గద్దకో అరుపు, పాముకో అరుపు అరుస్తాయి. ఇవి సంకేతాలా, ఉత్త భయం కేకలా? తేల్చేదెలా?

జవాబు: 1980లో సేఫార్త్, చెనీ, మార్లర్ అనే పరిశోధకులు కెన్యాలోని అంబోసెలి జాతీయ పార్కులో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. దగ్గర్లో ఏ జంతువూ లేనప్పుడు రికార్డు చేసిన అరుపులు వినిపించారు. చిరుత అరుపుకు చెట్టెక్కాయి, గద్ద అరుపుకు పైకి చూశాయి, పాము అరుపుకు కిందికి చూశాయి. అరుపు నిడివి, గట్టిదనం మార్చినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి భయం మోతాదు ఒక్కటే కాదు.

మరో జవాబు: సరే, అది ‘చిరుత’ అనా, ‘చెట్టెక్కు’ అనా? ప్రవర్తన చూస్తే రెండూ సరిపోతాయి. తత్వవేత్త రూత్ మిల్లికన్ అయితే రెండూ కలిసే ఉన్నాయంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇంకొకరు: అసలు చిక్కు పొరపాటు దగ్గరుంది. పిల్ల కోతులు రాలే ఆకుక్కూడా గద్ద అరుపు అరుస్తాయి. అరుపు పుట్టించిందల్లా అర్థమే అంటే అది ‘గద్ద లేదా ఆకు’ అయిపోతుంది, ఇక తప్పనేదే ఉండదు. గద్దల నుంచి కాపాడినందుకే ఆ అరుపు తరతరాలుగా నిలిచిందంటే, ఆకును చూసి అరవడం తప్పవుతుంది.