పచ్చళ్ళ సైటును గ్రూపు సైటులో కలిపేద్దామా, వద్దా?

జాడీ_మూత:
మా కంపెనీ అసలు వ్యాపారం సిమెంటు ఇటుకలు, లారీలు. పెద్దాయన వాళ్ళమ్మగారి పేరు మీద పన్నెండేళ్ళ కిందట పెట్టిన పచ్చళ్ళ బ్రాండు కూడా ఉంది. దానికి సొంత డొమైన్ (వెబ్ అడ్రసు), సొంత సైటు. అమ్మకాలతో పాటు వంటల పేజీలే మూడొందలు దాటాయి. కొత్తగా వచ్చిన ఫైనాన్స్ ఆయన "ఒక్క కంపెనీకి రెండు సైట్లేమిటి? గ్రూపు డొమైన్ కింద ఫోల్డర్‌లో పడేయండి" అంటున్నారు. సోమవారం మీటింగు. ఆ సైటు చూసుకునేది నేనే కాబట్టి నా మాట పక్షపాతం అనిపిస్తుందేమోనని మిమ్మల్ని అడుగుతున్నా.

రాత్రి_డ్యూటీ:
కలిపెయ్ తమ్ముడూ. రెండు సైట్లు మేపినవాడికే ఆ బాధ తెలుస్తుంది. పోయిన సంక్రాంతికి మా రెండో సైటు భద్రతా సర్టిఫికెట్ రెన్యూ చెయ్యడం మర్చిపోయారు. భోగి మంట దగ్గర నిలబడి ఫోన్లోనే సర్వర్‌లోకి వెళ్ళాను. గూగుల్‌లో ర్యాంకు పోతుందని టెన్షన్ వద్దు. పాత అడ్రసుకి వచ్చినవాళ్ళని కొత్తదానికి మళ్ళించే 301 లాంటి రీడైరెక్ట్‌ల వల్ల పేజ్‌ర్యాంక్, అంటే పేజీకి గూగుల్ ఇచ్చే విలువ, తగ్గదని గూగుల్ వాళ్ళే 2016లో చెప్పారు.

లెక్కల_మాస్టారు:
చెప్పిన మాట నిజమే. కానీ మనవాళ్ళు పెట్టే తీరు వేరు. పాత పేజీలన్నిటినీ తెచ్చి కొత్త సైటు హోమ్ పేజీకి తగిలించి, పని అయిపోయిందంటారు. గోంగూర కొలతల కోసం వచ్చినవాడికి ఛైర్మన్ గారి సందేశం కనిపిస్తుంది. అలాంటి వాటిని గూగుల్ కూడా పేజీ లేనట్టే లెక్కేస్తుంది. మూడొందల పేజీలుంటే ఎక్సెల్‌లో మూడొందల వరసలు రాయాలి, పాత అడ్రసు ఇటు, కొత్తది అటు. ఆ షీటు ఎవరు రాస్తారో మీటింగులో ముందు అడగండి. సగం చర్చ అక్కడే ఆగిపోతుంది.

ఇంకొకటి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. గూగుల్‌కి ఏడాది సరిపోతుంది. మీ జాడీ లేబుళ్ళ మీద ఏ అడ్రసు అచ్చయి ఉంది?

జాడీ_మూత:
పాతదే మాస్టారూ. క్యూఆర్ కూడా దానిదే. గోడౌన్‌లో లేబుళ్ళు ఇంకా కట్టలు కట్టలుగా ఉన్నాయి.

న్యూజెర్సీ_వదిన:
నాకు ఈ రీడైరెక్ట్‌లు తెలియవు, పచ్చడి తినేదాన్ని. ఎడిసన్‌లో కొన్న జాడీ అయిపోతే మూత మీది అడ్రసే టైపు చేసి, గుంటూరులో అమ్మావాళ్ళకి ఆర్డరు పెడతాను. అక్కడ లారీ బొమ్మ, ఇటుకల బొమ్మ వచ్చాయనుకో, కార్డు నంబరు చచ్చినా కొట్టను. ఎవడో మోసగాడి సైటనుకుని మూసేస్తాను.

రాత్రి_డ్యూటీ:
వదినా, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. జనం నాలుగు రోజులు తిట్టుకుని అలవాటు పడలేదా?

పాత_పాస్‌బుక్:
పడ్డాం, గత్యంతరం లేక. డబ్బు వాళ్ళ దగ్గరే ఉంది మరి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ANDB పోయి UBIN వస్తే అదీ రాసుకున్నాం. పచ్చడికి అంత ఖర్మేమిటి? పక్క దుకాణం ఉంది.

బ్యాంకుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2025 అక్టోబరు 31 లోపు అన్ని బ్యాంకులూ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ డొమైన్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంకు పెట్టిన టెక్నాలజీ సంస్థ. ఎందుకట? అడ్రసు చూడగానే అసలైన బ్యాంకో కాదో జనానికి తెలియాలని. వదిన గారు అన్నదీ అదేగా.

లెక్కల_మాస్టారు:
కలపడమే తప్పని నేననను. ఎందులో కలుపుతున్నామన్నది చూడాలి. బట్టలమ్మే జబాంగ్ సైటును అలాంటిదే అయిన మింత్రా 2016లో కొని, 2020లో మూసి, వచ్చేవాళ్ళను తన సైటుకి మళ్ళించింది. బట్టల కోసం వచ్చినవాళ్ళకి బట్టలే దొరికాయి. అదే మింత్రాను ఫ్లిప్‌కార్ట్ 2014లో కొన్నా, ఇప్పటికీ విడిగానే నడుపుతోంది. ఇక్కడ ఆవకాయను తీసుకెళ్ళి ఇటుకల బట్టీలో పెడతామంటున్నారు.

ఖర్చు గురించి కూడా ఒక మాట. డొమైన్‌కి ఏడాదికి అయ్యేది వెయ్యి రూపాయలు, అటూ ఇటూగా. డబ్బంతా పోయేది సైటును సర్వర్‌లో ఉంచే హోస్టింగుకీ ఏజెన్సీలకీ. ఒకే సర్వర్, ఒకే ఏజెన్సీ పెట్టి డొమైన్లు మాత్రం రెండూ ఉంచుకోవచ్చు. వంటిల్లు ఒకటే, గుమ్మాలు రెండు.

రాత్రి_డ్యూటీ:
ఇది ఒప్పుకుంటా. నా ఏడుపంతా రెండు వంటిళ్ళ గురించే. ఏం చేసినా ఏప్రిల్, మేలలో మాత్రం సైటు కదపకు. మార్పు తర్వాత గూగుల్ కుదుటపడడానికి వారాలు పడుతుంది. ఆవకాయ సీజను నీ కోసం ఆగదు.

జాడీ_మూత:
మీరంతా అన్నాక జనం గూగుల్‌లో ఏం వెతికి సైటుకి వస్తున్నారో చూపే సెర్చ్ కన్సోల్ తెరిచి చూశాను. జనం వెతికేవి బ్రాండు పేరు, "ఆవకాయ కొలతలు", "పచ్చడి బూజు పడితే". గ్రూపు పేరుతో వెతికి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పేజీ ప్రింటు తీసి ఫైనాన్స్ ఆయన ముందు పెడతాను. గుమ్మాలు రెండు, వంటిల్లు ఒకటి అనే అడుగుతాను.

అసలు టెన్షన్ వేరే బయటపడింది. డొమైన్ ఎవరి పేరు మీద ఉందని చూస్తే కంపెనీ పేరు కాదు, మొదట్లో సైటు కట్టిన కుర్రాడి సొంత జీమెయిల్. రెన్యువల్ ఆగస్టులో.

రాత్రి_డ్యూటీ:
ఓరి నాయనో! కలపడం, విడదీయడం తర్వాత, ముందు దాన్ని మీ పేరు మీదికి తెచ్చుకో. లాక్ తీయించి ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకో. అతను ఫోనెత్తుతున్నాడా?

జాడీ_మూత:
ఎత్తాడన్నా. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడట. ఆ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో శనివారం చూస్తానన్నాడు. ఈలోపు రెండు జాడీలు గోంగూర కొరియర్ చేశాను.

న్యూజెర్సీ_వదిన:
పండుమిరప కూడా పెట్టాల్సింది.