లినక్స్ కెర్నెల్‌కి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపా, ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అడగొచ్చా?

కొత్తకెర్నెల్:
స్టేజింగ్‌లో (ఇంకా పూర్తిగా సిద్ధం కాని డ్రైవర్లుండే చోట) ఉన్న ఒక డ్రైవర్‌కి చిన్న ప్యాచ్ పంపాను. ప్రోబ్ (డ్రైవర్ పరికరాన్ని మొదట సిద్ధం చేసే దశ) ఫెయిలైతే బఫర్‌కి తీసుకున్న మెమరీని ఫ్రీ చేయట్లేదు, అది సరిచేశా. పంపి వారం దాటింది, ఎవరూ పలకలేదు. ఆ కోడ్ చూసుకునే మెయింటెయినర్ మెయిల్ ఐడీ ఉంది కదా, ఆయనకి విడిగా రాయనా? మా సీనియర్ ఏమో గిట్‌హబ్‌లో లైనస్ (లినక్స్ సృష్టికర్త) రిపోకి పుల్ రిక్వెస్ట్ (మార్పు కలుపుకోమనే అభ్యర్థన) కొట్టెయ్ అంటున్నాడు.

నైట్‌షిఫ్ట్_నాని:
గిట్‌హబ్‌లో ఉన్నది నకలు మాత్రమే తమ్ముడూ. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెడితే చూసే నాథుడు ఉండడు. కెర్నెల్‌కి అంతా అందరూ చదివే మెయిలింగ్ లిస్టే. విడిగా మెయిల్ కూడా వద్దు. లిస్ట్‌లో అడిగితే ఆయన ఊళ్లో లేకపోయినా ఇంకొకరు పలుకుతారు, రేపు ఇదే సందేహం వచ్చినవాడికి వెతికితే దొరుకుతుంది.

లక్ష్మి_డ్రైవర్స్:
కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది: మామూలుగా 2-3 వారాల్లో స్పందన వస్తుంది, గుర్తుచేయాలన్నా మళ్లీ పంపాలన్నా కనీసం వారం ఆగాలి. ఇంతకీ పంపింది మెర్జ్ విండోలో కాదు కదా? కొత్త వెర్షన్ విడుదలవగానే 2 వారాలు మెర్జ్ విండో, అంటే తర్వాతి వెర్షన్‌కి కొత్త మార్పులు కలిపే సమయం. ఆ టైమ్‌లో మెయింటెయినర్లు తమ దగ్గర పోగైన ప్యాచ్‌లు లైనస్‌కి పంపే హడావిడిలో ఉంటారు. ఆర్‌సీ1 (విండో ముగిశాక వచ్చే మొదటి పరీక్షా వెర్షన్) వచ్చేదాకా నీ ప్యాచ్ క్యూలో కూర్చోవాల్సిందే. నెట్‌వర్కింగ్ వాళ్లయితే ఆ 2 వారాలు కొత్త ఫీచర్లకి నెట్-నెక్స్ట్ చెట్టుని (తర్వాతి వెర్షన్ కోడ్ చేరే రిపోని) మూసేస్తారు. పంపితే 'మూసి ఉంది, తర్వాత రా' అని జవాబొస్తుంది. అది తిట్టు కాదు, అందరికీ అదే జవాబు.

కమిట్ మెసేజ్ (ప్యాచ్‌తో పాటు వెళ్లే వివరణ) ఇక్కడ పెట్టు, చూద్దాం.

కొత్తకెర్నెల్:
సబ్జెక్ట్‌లో 'డ్రైవర్‌లో బగ్ ఫిక్స్' అని రాశా. కింద నా పేరుతో సైన్డ్-ఆఫ్-బై లైన్ మాత్రమే. కోడ్ చూస్తే అర్థమైపోతుంది కదా అని ఇంకేం రాయలేదు. చెక్‌ప్యాచ్ (కోడ్ శైలి తనిఖీ చేసే స్క్రిప్ట్) చూపించిన స్పేస్ తప్పులు కూడా అందులోనే సరిచేసేశా.

లక్ష్మి_డ్రైవర్స్:
దొరికింది. ఏం మార్చావో కోడ్ చెబుతుంది, ఎందుకు మార్చావో చెప్పదు. సబ్జెక్ట్‌లో ముందు సబ్‌సిస్టమ్ పేరు, డ్రైవర్ పేరు, ఆ తర్వాత ప్రోబ్ ఫెయిలైనప్పుడు బఫర్ లీక్‌ని ఆపు అని ఆజ్ఞలా ఒక ముక్క. కింద బాడీలో: ఏ ఫంక్షన్ ఎర్రర్ ఇస్తే ఏ దారిన బయటికి వస్తున్నాం, అక్కడ ఏది మిగిలిపోతోంది, నువ్వు దాన్నెలా కనిపెట్టావు, హార్డ్‌వేర్ మీద నడిపి చూశావా లేక కంపైల్ మాత్రమే చేశావా. కంపైల్ మాత్రమే అయితే అదే రాయి, ఎవరూ ఏమీ అనుకోరు. దాచి తర్వాత దొరికితేనే పేరు పోతుంది. ఆ లీక్ ఎప్పుడు మొదలైందో గిట్ బ్లేమ్‌తో (ఏ లైన్ ఏ కమిట్‌లో వచ్చిందో చూపే కమాండ్) పట్టుకుని ఫిక్సెస్ లైన్ పెట్టు: కమిట్ ఐడీలో మొదటి 12 అక్షరాలు, పక్కన దాని సబ్జెక్ట్. స్టేబుల్ కెర్నెల్స్‌కి (ఇప్పటికే విడుదలై, ఫిక్స్‌లు మాత్రం అందుకునే వెర్షన్లకి) ఏ ఫిక్స్ తీసుకెళ్లాలో తేల్చేవాళ్లకి అది చాలా పనికొస్తుంది.

స్పేస్ తప్పులు వేరే ప్యాచ్. రెండూ కలిపితే ఏ లైన్ లీక్‌ది, ఏ లైన్ అలంకారమో రివ్యూ చేసేవాడు ఏరుకుంటూ కూర్చోవాలి. రేపు ఫిక్స్ వెనక్కి తీయాల్సొస్తే స్పేస్‌లూ దాంతోపాటే పోతాయి.

వెర్షన్ 2 పంపేటప్పుడు మొదటిదానికీ దీనికీ తేడా ఏంటో సైన్డ్-ఆఫ్-బై తర్వాత వచ్చే మూడు గీతల (---) కింద రాయి. గీతల కింద రాసింది గిట్ చరిత్రలోకి వెళ్లదు.

బెజవాడ_బిట్స్:
నా గోల గిట్‌హబ్ వైపు. ఇష్యూ తెరవగానే పది మంది 'అసైన్ మీ సర్' అని క్యూ కడతారు, తర్వాత ఒక్కడూ కనిపించడు. 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో (పుల్ రిక్వెస్ట్‌లు పంపినవాళ్లకి టీషర్ట్ ఇచ్చే కార్యక్రమం) టీషర్ట్ కోసం రీడ్‌మీ (ప్రాజెక్ట్ పరిచయం) ఫైల్‌లో ఒక పదం చేర్చి పంపిన పుల్ రిక్వెస్ట్‌లు ఎంత చిరాకు పుట్టించాయంటే, ఆ అక్టోబర్‌లోనే రూల్ మార్చి, మాకిష్టమే అన్న రిపోలనే లెక్కలోకి తీసుకున్నారు. 2024లో ఎక్స్‌ప్రెస్ (జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రిపో గతీ అంతే. పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో నేర్పే వీడియో చూసి మనవాళ్లు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపారు. ప్రాక్టీస్ కావాలంటే సొంత రిపోలో చేసుకోవాలి గానీ, ఊరందరూ వాడే ఫ్రేమ్‌వర్క్ మీదా?

నైట్‌షిఫ్ట్_నాని:
అందరూ టీషర్ట్ బాపతు కాదులెండి. రెజ్యూమేలో పెట్టుకోమని కాలేజీలోనే చెబుతున్నారు, పిల్లలేం చేస్తారు?

బెజవాడ_బిట్స్:
ప్రాజెక్ట్ నియమాలుండే కాంట్రిబ్యూటింగ్ ఫైల్ ఒకసారి చదవమనండి చాలు. ఏఐతో రాయించిన కోడ్ సంగతి కూడా చాలా ప్రాజెక్టులు అందులోనే తేల్చేస్తున్నాయి. జెంటూ (ఒక లినక్స్ డిస్ట్రో) 2024లోనే వద్దంది, తర్వాత క్యూఈఎంయూ (వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్) కూడా. తీసుకునే చోటైనా, రివ్యూలో అడిగిన ప్రశ్నకి చాట్‌బాట్ జవాబు అతికిస్తే ఇట్టే తెలిసిపోతుంది.

మణికొండ_మేకింగ్:
ఉద్యోగం చేసేవాళ్లకి ఒక మాట. ఆఫీస్ మెయిల్ నుంచి పంపితే అడుగున 'ఈ సమాచారం గోప్యం' అని తోక వస్తుంది. బహిరంగ లిస్ట్‌కి గోప్యమైన ప్యాచ్ ఏంటి? అది ఉంటే తీసుకోమని కొందరు మెయింటెయినర్లు ముఖం మీదే చెబుతారు. అలాగని సొంత జీమెయిల్ నుంచి పంపితే గొడవ తీరదు, ఆ కోడ్ మీద హక్కు కంపెనీదైతే ముందు అక్కడ అనుమతి కావాలి. సైన్డ్-ఆఫ్-బై అంటే 'ఇది ఇచ్చే హక్కు నాకుంది' అని నువ్వు రాసిస్తున్న మాట. 2004 నుంచీ ఉన్న పద్ధతి. జీమెయిల్ వెబ్ పేజీలో అతికించి మాత్రం పంపకు, ట్యాబ్‌లు స్పేస్‌లైపోయి ప్యాచ్ అప్లై కాదు. గిట్ సెండ్-ఇమెయిల్ (ప్యాచ్‌ని నేరుగా మెయిల్ చేసే కమాండ్) పెట్టుకో, జీమెయిల్ అయితే దానికి యాప్ పాస్‌వర్డ్ (ఆ ప్రోగ్రామ్ కోసమే తీసుకునే వేరే పాస్‌వర్డ్) కావాలి.

కొత్తకెర్నెల్:
మరి సైన్డ్-ఆఫ్-బైలో ఇంటిపేరు పూర్తిగా రాయాలా? నేను పొడి అక్షరం పెట్టా. మెయిల్ మొదట్లో 'రెస్పెక్టెడ్ సర్' అని కూడా రాశా.

లక్ష్మి_డ్రైవర్స్:
పొడి అక్షరం చాలు. నలుగురికీ తెలిసిన పేరైతే సరిపోతుందని 2023లో రూల్ సడలించారు, అనామకంగా మాత్రం కుదరదు. సర్ తీసెయ్. అక్కడ పెద్ద మెయింటెయినర్‌ని కూడా పేరు పెట్టే పిలుస్తారు, అవతల ఉన్నది ఆవిడ కూడా కావచ్చు. రివ్యూ వస్తే పైన థాంక్స్ ఒకటి రాసి వదిలేయకు, ఆయన రాసిన ఒక్కో వాక్యం కిందే జవాబివ్వు, అక్కర్లేనిది కత్తిరించు. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పు.

కొత్తకెర్నెల్:
సరే అక్కా. రెండుగా విడగొట్టి వెర్షన్ 2 ఈ రాత్రికే పంపేస్తా.

నైట్‌షిఫ్ట్_నాని:
ముందు నీకే పంపుకో. వచ్చిన మెయిల్ సేవ్ చేసి గిట్ ఏఎమ్‌తో (మెయిల్‌లోని ప్యాచ్‌ని కోడ్‌లో కలిపే కమాండ్) అప్లై అవుతుందో లేదో చూసుకుని, అప్పుడు లిస్ట్‌కి. ఎవరెవరికి పంపాలో చెప్పే గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్ మళ్లీ నడుపు, మొదటిసారి లిస్ట్ అడ్రస్ సీసీలో పెట్టావా అన్నది నువ్వింకా చెప్పలేదు.