హోల్టర్ పెట్టించుకోవడానికి వెళ్లేముందు భయమని చెప్పాలా, వద్దా?

గడపదాటని:
గుండె దడ వస్తోందని డాక్టరుకి చూపిస్తే 24 గంటల హోల్టర్ రాశారు, అంటే ఒంటికి తగిలించుకుంటే రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే పెట్టె. గురువారం వెళ్లాలి. నాకు ఆసుపత్రి అంటే చచ్చేంత భయం. ఆ వాసన ముక్కుకి తగిలితే చాలు, అరచేతులు చెమట పట్టేస్తాయి, కాళ్లు ముందుకి పడవు. ఒకసారి వాయిదా కూడా వేయించాను. ఇంట్లో ఒకరు "వెళ్లగానే భయమని చెప్పెయ్" అంటున్నారు. ఇంకొకరు "నోరెత్తకు, టెన్షన్ కేసని పక్కన పెడతారు" అంటున్నారు. ఏం చెయ్యాలి?

పాతరేడియో:
చెప్పండి. ఇందులో చర్చ ఏముంది? అక్కడ జరిగేది ఇంతే: ఛాతీ మీద చర్మం తుడిచి స్టిక్కర్లు అంటిస్తారు, వాటికి వైర్లు తగిలిస్తారు, చిన్న పెట్టె నడుముకో మెడకో వేలాడదీస్తారు. సూది ఉండదు. ఒంట్లోకి కరెంటు పంపరు, గుండెలో పుట్టే విద్యుత్తుని ఆ పెట్టె రాసుకుంటుంది, అంతే. మిగతా రోజంతా ఇంట్లోనే ఉంటారు. ముందే ఫోన్ చేసి, భయమని చెప్పి, పొద్దున్నే మొదటి టైమ్ అడగండి. వరుసలో కూర్చుని ఎదురుచూడటంలోనే సగం భయం ఉంటుంది.

మల్లెతీగ:
చెప్పొద్దు. మా చెల్లి చెప్పింది కాబట్టే ఈ మాట అంటున్నాను. దడ వస్తోందంటే "ఇంట్లో ఏమైనా గొడవలా? నిద్ర సరిగ్గా పడుతోందా?" అని అడిగేవారు. మామూలు ఈసీజీ పట్టేది 10 సెకన్లు. ఆ 10 సెకన్లలో దడ లేకపోతే నార్మల్ అనే వస్తుంది. చీటీ మీద 'యాంగ్జైటీ' అని ఒకసారి పడిందా, తర్వాత చూసిన ప్రతి డాక్టరూ ముందు అదే చదివారు. ఏళ్ల తర్వాత దడ వస్తుండగా రికార్డయితే తేలింది, ఎస్వీటీ అని, అంటే గుండె ఉన్నట్టుండి విపరీతమైన వేగంతో కొట్టుకునే జబ్బు. అప్పటిదాకా అది వేసుకున్నవన్నీ నిద్రమాత్రలే.

గంటస్తంభం:
మీరిద్దరూ అసలు పాయింటు వదిలేశారు. భయంతో వెళ్తే పెట్టేటప్పుడే గుండె 130 కొడుతుంది. రికార్డు పాడైపోదా? ముందే ఒక మాత్ర వేసుకుని వెళ్తే సరిపోతుంది కదా.

పాతరేడియో:
దయచేసి సొంతంగా ఏ మాత్రా వద్దు. కంగారు తగ్గడానికని కొందరు ప్రొప్రనొలాల్ వేసుకుంటారు. అది గుండె వేగాన్నే తగ్గిస్తుంది, దాంతో పట్టుకోవాల్సిన దడ కాస్తా దాక్కుంటుంది. ఆస్తమా ఉంటే ఆ మాత్రే ప్రమాదం. ఇక రికార్డు సంగతి. భయం వల్ల పెరిగే వేగం మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఎస్వీటీ సాధారణంగా స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగుతుంది. చూసేవాళ్లకి చాలావరకు ఆ తేడా తెలుస్తుంది. రోజుకి గుండె సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది, అందులో మొదటి అరగంట ఎంత?

గంటస్తంభం:
ఎంతో కొంత కదా. ఆ అరగంట లెక్కలోకి వస్తుందా, రాదా? సూటిగా చెప్పండి.

అరుగుమీద:
పెట్టెతో పాటు డైరీ ఇస్తారు. "10:20, పెట్టారు, భయంగా ఉంది" అని రాయండి. అయిపోయింది.

నీలిగోరింట:
నార్మన్ హోల్టర్ మొదట్లో చేసిన యంత్రం బరువు సుమారు 38 కిలోలట, వీపుకి కట్టుకుని మొయ్యాలి. మీరు అదృష్టవంతులు 🙂
అదే రోజు రక్తపరీక్ష కూడా ఉండి, సూది చూస్తే కళ్లు తిరిగే రకమైతే మాత్రం "రిలాక్స్ అవ్వు" అనే సలహా వినకండి. అలాంటివాళ్లకి బీపీ ముందు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు 10-15 సెకన్లు బిగించి వదలాలి, కాసేపాగి మళ్లీ. లార్స్ గోరన్ ఓస్ట్ అనే స్వీడన్ సైకాలజిస్టు 1980ల్లో దీని మీద పనిచేశారు.

మల్లెతీగ:
పాతరేడియో గారూ, యంత్రం గురించి చక్కగా చెప్పారు. ఆ రిపోర్ట్ పక్కన కూర్చునే మనిషి గురించి ఒక్క ముక్క లేదు.

పాతరేడియో:
మీ చెల్లికి అన్యాయం జరిగింది, కాదనను. దాన్ని తెచ్చి గురువారం వెళ్లాల్సిన మనిషి నెత్తిన రుద్దడం ఏం న్యాయం? ఉన్న భయం చాలదా ఆవిడకి?

మల్లెతీగ:
నేను రుద్దానా? ఆవిడ ఇంట్లోనే ఒకరు ఆ మాట అన్నారు, మీరు పోస్టు పూర్తిగా చదివినట్టు లేరు.

పాతరేడియో:
చదివాను. మీరూ వినండి. మా నాన్న జీవితంలో భయమని ఒప్పుకోలేదు. తెల్లకోటు కనబడితే ఆయన బీపీ ఎగిరేది, ఇంట్లో చూస్తే మామూలే. అక్కడ నోరు విప్పలేదు, వాళ్లు మందు పెంచుకుంటూ పోయారు. బాత్రూంలో కళ్లు తిరిగి పడి తుంటి విరిగింది. భయం దాచిన మనిషి గతి నేను కళ్లారా చూశాను.

మల్లెతీగ:
మీ నాన్నగారు భయమని చెప్పి ఉంటే "అయ్యో పెద్దాయన" అని కుర్చీ వేసి, పది నిమిషాలాగి మళ్లీ బీపీ చూసేవారు. మా చెల్లి చెబితే "ఈ వయసు ఆడపిల్లలకి మామూలే" అన్నారు. మీకు అర్థంకానిది అదే. చెబితే మేలు జరుగుతుందని మీరు నమ్మగలరు, నేను నమ్మలేను.

పాతరేడియో:
అందుకని దాచమంటారా?

మల్లెతీగ:
డాక్టరు ముందు దడ సంగతే మాట్లాడమంటాను. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఎలా మొదలైంది, కళ్లు తిరిగాయా, అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి చదవాలి. భయం సంగతి స్టిక్కర్లు అంటించే మనిషికి చెప్పుకోమనండి, రోగం పేరు రాసేది ఆ మనిషి కాదు.

పాతరేడియో:
సగం సంగతి తెలిసిన డాక్టరు సగం వైద్యమే చేస్తాడు. నా మాట అదే.

గంటస్తంభం:
మొదటి అరగంట సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గడపదాటని:
అందరికీ థ్యాంక్స్. ఒకటి అడగాలి, ఇందాకటి నుంచి మొహమాటపడుతున్నాను. ఛాతీ మీద అంటించాలంటే పైబట్ట తియ్యాలి కదా. అక్కడ మగవాళ్లు ఉంటారా? నిజం చెప్పాలంటే పోయినసారి వాయిదా వేసింది అందుకే.

అరుగుమీద:
ముందు బొత్తాలున్న వదులు చొక్కా వేసుకెళ్లండి. వెళ్లేముందే స్నానం చెయ్యండి, పెట్టె ఒంటి మీద ఉన్నంతసేపూ దాన్ని తడపకూడదు. ఛాతీకి క్రీము, పౌడరు రాయొద్దు, స్టిక్కరు ఊడుతుంది.

మల్లెతీగ:
అమ్మాయీ, రేపే ఫోన్ చేసి ఆడ టెక్నీషియన్ కావాలని అడుగు. అడగడానికి ఏం సిగ్గుపడకు. తెర వెయ్యమను, తోడు ఒక మనిషిని లోపలికి రానివ్వమను. కుదరదంటే ఆడ టెక్నీషియన్ ఉండే రోజుకి మార్చమని అడుగు, అంతేగానీ మానెయ్యకు.

పాతరేడియో:
అంటే ముందే ఫోన్ చేసి చెప్పమనే కదా? నేను మొదట అన్నది అదే.

మల్లెతీగ:
ఆడ టెక్నీషియన్ కావాలనడం ఆవిడ హక్కు. నాకు భయమండీ అని మొదలుపెట్టమని నేను ఇప్పటికీ చెప్పను.