డిలీట్ డీఎంఎల్ అయితే ట్రంకేట్ డీడీఎల్ ఎందుకైంది?

కావలి కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ సర్టిఫికేషన్ పరీక్షకు చదువుతున్నాను. పగలంతా రొయ్యల మేత దుకాణంలో బిల్లుల పని, చదువు రాత్రిపూటే. ఆదేశాలను డీడీఎల్ (టేబుళ్ల నిర్మాణం), డీఎంఎల్ (టేబుల్ లోపలి డేటా), డీసీఎల్ (అనుమతులు), టీసీఎల్ (కమిట్, రోల్‌బ్యాక్ లాంటివి) అని నాలుగు గళ్లు గీసుకుని బట్టీ పట్టాను. తీరా చూస్తే ఒక పుస్తకం డేటాను చదివే సెలెక్ట్‌ను డీఎంఎల్ అంటోంది, ఇంకొకటి దానికి డీక్యూఎల్ అని వేరే పేరు పెట్టింది. పైగా డిలీట్, ట్రంకేట్ రెండూ వరుసలను తుడిచేసేవే కదా, చెరో గడిలో ఎందుకున్నాయి?

ఒంగోలు డీబీఏ:
తమ్ముడూ, ఆ గళ్ల కాగితం కాసేపు పక్కన పెట్టు. ప్రతి ఆదేశం దగ్గరా ఒకటే అడుగు: దీని తర్వాత రోల్‌బ్యాక్ ఇస్తే పాత స్థితి తిరిగి వస్తుందా?

మీ దుకాణం లెక్కే తీసుకుందాం. మేత బాకీల టేబుల్‌లో అల్లూరు రైతుల వరుసలను మాత్రమే తీసేయాలంటే డిలీట్‌కు వేర్ షరతు పెడతావు. తీసిన వరుసల పాత విలువలను ఒరాకిల్ అన్‌డూలో దాచుతుంది కాబట్టి కమిట్ చేసేలోపు, అంటే మార్పును ఖరారు చేసేలోపు, మనసు మార్చుకోవచ్చు. ట్రంకేట్‌కు వేర్ లేదు. అది వరుసలను ఒక్కొక్కటిగా ముట్టుకోదు, టేబుల్‌కు కేటాయించిన స్థలాన్నే ఖాళీ చేస్తుంది. అందుకే అంత వేగం. డిలీట్ ట్రిగ్గర్లు (వరుస తీసేసినప్పుడు దానంతటదే నడిచే కోడ్) కూడా పనిచేయవు. విచిత్రం ఏమిటంటే, డ్రాప్ చేసిన టేబుల్ రీసైకిల్ బిన్‌లో ఉంటే ఫ్లాష్‌బ్యాక్‌తో తెచ్చుకోవచ్చు, ట్రంకేట్ చేసిన వరుసలకు ఆ దారి లేదు.

పరీక్షలో అసలు ఉచ్చు వేరే ఉంది. ఒరాకిల్‌లో డీడీఎల్ ఆదేశానికి ముందూ తర్వాతా దానంతటదే కమిట్ జరుగుతుంది. కొన్ని వరుసలు ఇన్‌సర్ట్ చేసి, కమిట్ ఇవ్వకుండా సంబంధం లేని మరో టేబుల్‌ను క్రియేట్ చేశావనుకో. ఆ తర్వాత ఎన్ని రోల్‌బ్యాక్‌లు ఇచ్చినా ఆ వరుసలు కదలవు.

సెలెక్ట్ మీద తగవు అనవసరం. ఒరాకిల్ పత్రాలు దాన్ని డీఎంఎల్‌లోనే చేర్చాయి. ప్రశ్నపత్రం వాళ్లదే.

కందుకూరు పంతులమ్మ:
ఇదంతా ఒరాకిల్ మాట అని గుర్తుంచుకో బాబూ. వేరే డేటాబేస్‌లైన పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ ట్రాన్సాక్షన్ (ఒకేసారి ఖరారయ్యే మార్పుల గుంపు) లోపల చేసిన ట్రంకేట్‌ను రోల్‌బ్యాక్ చేయవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఒరాకిల్ పద్ధతే. మా పిల్లలు పోస్ట్‌గ్రెస్ మీద సాధన చేసి, ఆ ధీమాతో ఒరాకిల్ ప్రశ్నకు తప్పు జవాబు పెడుతుంటారు. ఒరాకిల్‌కు ఉచిత ఎడిషన్ ఉంది, సాధన దాని మీదే చెయ్యి.

కావలి కుర్రాడు:
ధన్యవాదాలు అన్నా, మేడమ్. అనుమతి ఇచ్చే గ్రాంట్, తీసేసే రివోక్ డీసీఎల్ కాబట్టి వాటికి ఈ కమిట్ గొడవ లేదు కదా?

ఒంగోలు డీబీఏ:
ఎందుకు లేదు? ఒరాకిల్ పత్రాల్లో డీసీఎల్ అనే గడే లేదు, ఆ రెండూ డీడీఎల్ జాబితాలోనే ఉన్నాయి. నువ్వే చేసి చూడు. ఒక సేవ్‌పాయింట్ (రోల్‌బ్యాక్‌తో అక్కడిదాకా వెనక్కి రావడానికి పెట్టే గుర్తు) పెట్టి, ఒక బాకీని అప్‌డేట్ చేసి, మరో యూజర్‌కు సెలెక్ట్ అనుమతి గ్రాంట్ చెయ్యి. అప్‌డేట్ కూడా అక్కడే ఖరారైపోతుంది. కమిట్‌తో సేవ్‌పాయింట్ చెరిగిపోతుంది కనుక, దాని పేరు చెప్పి రోల్‌బ్యాక్ అడిగితే ఓఆర్ఏ-01086 అని లోపం చూపిస్తుంది.