సిరొంచలో నెట్ తెగి పోకర్ ఓడిపోయాను, స్పాన్సర్ డబ్బు కట్టమంటున్నాడు

ప్రశ్న:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ దగ్గర ఊరు. రెండేళ్లు ఫోన్‌లో పోకర్ (ఒక రకం పేకాట) టోర్నీలు ఆడాను. ఎంట్రీ ఫీజు స్పాన్సర్‌గా ఒకాయన కట్టేవాడు. గెలిస్తే చెరి సగం, ఓడితే ఆ మొత్తం 'మేకప్' అని నా లెక్కలో రాసుకునేవాడు. చాలాసార్లు ఆట రాక ఓడలేదు. మంచి ముక్కలు చేతిలో ఉండగా నెట్ పోయేది. లేదంటే 'మీ రాష్ట్రంలో అనుమతి లేదు' అని యాప్ బయటికి పంపేది. నేనుండేది మహారాష్ట్రలోనే కదా! ఇప్పుడు డబ్బు టేబుళ్లు మూతపడ్డాయి. మేకప్ మొత్తం కట్టు, లేకుంటే వీపీఎన్ (మనం ఎక్కడున్నామో కనబడకుండా చేసే యాప్) పెట్టి విదేశీ సైట్‌లో ఆడి తీర్చు అంటున్నాడు. ఇంట్లో తెలియదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు:
తమ్ముడూ, ఆ విదేశీ సైట్ జోలికి మాత్రం వెళ్లకు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు ఆటలు నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆడేవాళ్లకు శిక్ష పెట్టలేదు. కానీ అక్కడ నీ డబ్బు ఆగిపోతే అడగడానికి ఎవరూ ఉండరు.

యాప్ ఎందుకు బయటికి పంపిందంటే, గోదావరి అవతల కాళేశ్వరం ఉంది, అది తెలంగాణ. మన ఫోన్ ఒక్కోసారి అటువైపు టవర్ పట్టుకుంటుంది. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది కాబట్టి అక్కడి లొకేషన్ కనబడితే యాప్‌లు ఆపేసేవి. టవర్ మారేటప్పుడు డేటా కాసేపు తెగినా చాలు, టైమర్ అయిపోతే సర్వర్ నీ ముక్కల్ని ఫోల్డ్ చేసేస్తుంది, అంటే ఆ ఆట నువ్వు వదిలేసినట్టే. నువ్వు లేకున్నా బ్లైండ్లు (వంతు వచ్చినప్పుడు తప్పక పెట్టాల్సిన పందెం) కోసుకుంటూనే ఉంటుంది. అది నీ తప్పు కాదు.

డబ్బు లేని ఉత్త చిప్స్ ఆటో, చదరంగమో సరదాగా ఆడుకునేట్టయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ తీసేసి నీ ఆపరేటర్‌ను చేత్తో ఎంచుకో. 5జీ వచ్చిపోతుంటే 4జీకే పరిమితం చెయ్యి. రెండో సిమ్‌కు డేటా దానంతటదే మారే ఆప్షన్ ఆపెయ్యి. ఆ యాప్‌కు బ్యాటరీ సేవర్ కూడా తియ్యి. ఈ ఆటలకు స్పీడ్ పెద్దగా అక్కర్లేదు, తెగకుండా ఉంటే చాలు.

ఇంకొక జవాబు:
నేను రాయగడ నుంచి రాస్తున్నాను. మా తమ్ముడూ ఇలాగే ఇరుక్కున్నాడు, అందుకే చెప్తున్నా బాబూ. మేకప్ అంటే చేబదులు కాదు. అదే స్పాన్సర్ దగ్గర ముందు ముందు వచ్చే గెలుపులోంచి పూడ్చుకునే లెక్క. ఆట ఆగిపోతే జేబులోంచి కడతానని నువ్వు రాసిచ్చావా? అది ముఖ్యం. పందెం ఒప్పందాలు చెల్లవని 1872 కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. నీ ఒప్పందం దాని కిందికి వస్తుందో లేదో వకీలును అడుగు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవల వాళ్లు దారి చూపిస్తారు. వాట్సాప్ చాట్ ఒక్కటి కూడా చెరపకు. భయపడి కొంచెం కొంచెం కట్టడం మొదలుపెట్టకు, మా వాడు అలాగే అమ్మ పుస్తెల తాడు దాకా వెళ్లాడు. ఇంట్లో ఇవాళే చెప్పు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, కాగితం మీద ఏమీ లేదు, అంతా చాట్‌లోనే. 'గెలుపులోంచే కోసుకుంటా' అని ఆయనే మొదట్లో రాసిన మెసేజ్ దొరికింది. నాన్న పొలం నుంచి రాగానే చూపిస్తాను.